చీఫ్ సెక్రటరీ గారి మొగుడు

భువనేశ్వర్ సచివాలయంలో ఆ ఏప్రిల్ నెలాఖరున పాత చీఫ్ సెక్రటరీ రిటైరయ్యారు. ఆ కుర్చీ దిబ్యసింఘ పాణిగ్రాహి గారిదేనని అటెండర్ల దగ్గర్నుంచి మంత్రుల దాకా అందరికీ తెలుసు. ఆయనకైతే మరీ బాగా తెలుసు. కొత్తగా మెడదాకా బొత్తాలుండే బంద్‌గలా కోటు కుట్టించుకున్నారు. ఆ ఎండలో అది తొడుక్కుని మధ్యాహ్నం నుంచీ ఫోన్ పక్కనే కూర్చున్నారు.

నేను చీఫ్ సెక్రటరీ పేషీలో ప్రైవేటు సెక్రటరీని. సాయంత్రం ఆర్డరు ముందు నా చేతికే వచ్చింది. అందులో పాణిగ్రాహి అనే ఉంది. కాకపోతే దాని ముందు దిబ్యసింఘ అని లేదు, కుముదిని అని ఉంది.

కుముదిని గారు ఆయన భార్య. ఇద్దరిదీ ఒకే ఐఏఎస్ బ్యాచ్. ముస్సోరీ ట్రైనింగులో మొదలైన వాదన తేలక పెళ్లి చేసుకున్నారని తోటి ఆఫీసర్లు నవ్వేవారు. ర్యాంకులో ఆయనే రెండు మెట్లు పైన. ఆవిడకు ఫోన్ చేసి చెప్పాను.

"పాత్రో బాబూ, ఇంటిపేరు చూసి పొరబడ్డారు. మళ్లీ చదవండి."

మళ్లీ చదివాను.

"ఆయనకు తెలుసా?"

"ఇంకా లేదండి."

"నేనే చెబుతాను. మీరెవరూ ఆ కోటు ఊసెత్తకండి."

చార్జి తీసుకున్నాక ఫైళ్లు పట్టుకుని ఆవిడతో పాటు ఇంటికి వెళ్లాను. గుమ్మంలో అత్తగారు శంఖంతో సిద్ధంగా ఉన్నారు. కారు ఆగీ ఆగకముందే ఊదేశారు. తీరా చూస్తే దిగింది కోడలు.

"నువ్వేంటే? కొత్త ఆఫీసరేడీ?"

"నేనే అత్తయ్యా."

ఆవిడ వెనక్కి తిరిగి చూశారు. కొడుకు అప్పటికే ఇల్లు చేరి, వరండాలో బనీను మీద కూర్చుని ఉన్నారు. కోటు కుర్చీ మీద వేలాడుతోంది. పెద్దావిడ ఒక్క క్షణం ఆలోచించి శంఖం మళ్లీ నోటికెత్తారు.

"ఆపవే అమ్మా!"

"నువ్వు ఊరుకోరా. ఊదాలంటే నీ పర్మిషన్ కావాలా? ఆఫీసరు అది కదా!"

మర్నాటి నుంచి ఆయన ఇంట్లో కూడా మేడమ్ అనడం మొదలుపెట్టారు. "మేడమ్, తమరు అనుమతిస్తే స్నానానికి వెళ్తాను" అంటే, "జాయింట్ సెక్రటరీ ద్వారా రండి" అనేవారు ఆవిడ. పైకి నవ్వులాటే గానీ, ఆయన పఖాళ చద్దన్నం గిన్నె పట్టుకుని తన గదిలోకి పోయి ఒక్కరే తినేవారు. అది చూసి ఆవిడ కూడా సగంలోనే చెయ్యి కడిగేసుకునేవారు.

అసలు చిక్కు వేరే ఉంది. జూనియర్ ఆ కుర్చీలో కూర్చుంటే సీనియర్లు ఆ భవనంలో ఉండకపోవడం ఆనవాయితీ. వాళ్లను గౌరవంగా బయటికి పంపాలి. ఆ ఫైలు పెట్టాల్సింది చీఫ్ సెక్రటరీయే.

ముఖ్యమంత్రి గారికి ఒక ఉపాయం తట్టింది. నన్నూ వెంటబెట్టుకుని ఆవిడ లోపలికి వెళ్లగానే, "మీ ఆయన్ని నా సలహాదారుగా పక్క గదిలో ఉంచుకుంటానమ్మా. ఆయనతో అన్నాను, ఎగిరి గంతేశాడు. నీకూ ఇంట్లో తలనొప్పి తప్పుతుంది" అన్నారు.

"వద్దు సార్."

"అదేంటి? మంచి ఆఫీసరు కాదా?"

"నాకన్నా మంచి ఆఫీసరు. అందుకే వద్దంటున్నాను. నాకు సీనియరు మీ పక్కనే కూర్చుంటే కలెక్టర్లు ఎవరి తలుపు కొడతారు? నేను కాదన్న ఫైలు ఆయన దగ్గరికి, ఆయన కాదన్నది నా దగ్గరికి తిరుగుతుంది. నెల తిరక్కుండా మా ఇంటి పంచాయితీ మీ టేబుల్ మీదికొస్తుంది."

ముఖ్యమంత్రి గారు పకపకా నవ్వారు. "కాదని చెప్పే మనిషి కావాలనే కదా నిన్ను పెట్టుకున్నాను! బోణీ మొగుడితోనే చేస్తావనుకోలేదు. ఇంట్లో ఏం చెబుతావు?"

"అదే తెలియడం లేదు సార్."

పక్క ఊరు కటక్‌లో రెవెన్యూ బోర్డుకు ఆయన్ని పంపే ఫైలు తయారైంది. ఆవిడ పెన్ను తీసి, మూత పెట్టి, మళ్లీ తీశారు. సంతకం పెట్టలేదు. "ముందు ఇంటికి పదండి" అన్నారు.

వరండాలో ఆయన ఈలవేస్తూ మొక్కలకు నీళ్లు పోస్తున్నారు. నేను మెల్లగా జారుకోబోతే, "ఉండండి పాత్రో బాబూ, నాకో సాక్షి కావాలి" అని ఆపి, ఉన్నదున్నట్టు చెప్పేశారు ఆవిడ. ఈల ఆగిపోయింది.

"వద్దన్నది నువ్వా?"

"నేనే. నా కుర్చీలో నువ్వుంటే ఏం రాసేవాడివి? నిజం చెప్పు."

చెంబులో నీళ్లు ఆయన కాలి మీద కారిపోతున్నాయి.

"నిన్ను ఇంకా దూరం పంపేవాణ్ణి. కోరాపుట్ దాకా."

"కటక్ ఎంతలే మరి!"

"ఎంతలే అంటావా? పొద్దున్న ఆ వంతెన మీద ట్రాఫిక్ ఎప్పుడైనా చూశావా?"

"చీఫ్ సెక్రటరీకి ఫిర్యాదు పెట్టుకో."

ఆయనకు నవ్వొచ్చేసింది. ఆవిడ నవ్వబోయి కళ్లొత్తుకున్నారు. ఫైలు మీద సంతకం అక్కడే, ఆ వరండాలోనే పడింది.

కటక్‌లో పనేమీ ఉండదని అందరూ జాలిపడ్డారు. తీరా వెళ్తే అక్కడ భూమి అప్పీళ్లు కొండలా పేరుకుని ఉన్నాయి. ఎప్పుడో సబ్ కలెక్టరుగా ఉన్నప్పుడు చెట్ల కింద తగాదాలు తీర్చిన మనిషి, మళ్లీ రైతుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని వినడం మొదలుపెట్టారు. నడకలో హుషారొచ్చింది. వర్షాకాలం వచ్చేసరికి, కాలువ కోసం ప్రభుత్వం తీసుకుని వాడకుండా వదిలేసిన ఒక రైతు పొలం కేసులో చీఫ్ సెక్రటరీకే నోటీసు పంపారు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర ఆవిడ అడిగారు: "జవాబుకు ఇంకో వారం గడువివ్వకూడదా?"

"కేసు మాటలు ఇంట్లో ఎత్తకూడదు మేడమ్. ప్లీడర్ని పంపండి."

"అసలు నువ్వు ఈ కేసు వినొచ్చా? నేను నీ పెళ్లాన్ని."

"పెళ్లాం ప్రభుత్వమని వదిలేస్తే ఈ రాష్ట్రంలో నాకు వినడానికి ఒక్క కేసైనా మిగులుతుందా? అయినా రెండు పక్షాలనూ అడిగాను, అభ్యంతరం లేదన్నాయి."

"ఎవరి మీదరా కేసు?" అన్నారు పెద్దావిడ.

"నీ కోడలి మీదే అమ్మా."

"నోరు అదుపులో పెట్టుకుని మాట్లాడు. అది నీకన్నా పెద్ద ఆఫీసరు!"

ప్రభుత్వం ఓడిపోయింది. అప్పీలుకు వెళ్దామని లా సెక్రటరీ పట్టుబట్టినా కుముదిని గారు ఒప్పుకోలేదు. పొలం వెంటనే రైతుకు అప్పగించమని రాసి, ఆ సాయంత్రం ఇంట్లోనే ఫైలు నా చేతికిచ్చారు.

"ఆయన తీర్పు బాగా రాశారు పాత్రో బాబూ. ఈ మాట ఆయనతో మాత్రం అనకండి."

అప్పుడే ఆయన కటక్ నుంచి ఆకు దొన్నెల్లో పెరుగు గారెల మీద దుంపకూర పోసిన దహీబరా ఆలూదమ్ పట్టుకుని లోపలికి వచ్చారు.

"ఏం అనకూడదు?" అన్నారు.

"ఏమీ లేదు. నాకు కారం ఎక్కువ వేయించావా?" అంటూ ఆవిడ దొన్నె అందుకున్నారు.