ఊదా అంచు చిక్కుడు

కడియం దగ్గర ఒక సంస్థలో నా ఉద్యోగం. ఊరూరా తిరిగి పెరటి మొక్కల నాటు విత్తనాలు సేకరించి, ఫోటో తీసి, నంబరు వేసి, జాబితాలో ఎక్కించి దాచాలి. అందరూ నన్ను విత్తనాల హరిబాబుగారంటారు. ఆ 'గారు' వింటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మాఘమాసంలో పక్కూరి రత్నమాణిక్యం గారి దొడ్డికి వెళ్ళాను. ఆవిడ అత్తగారి కాలం నుంచీ వస్తున్న చిక్కుడు అది, కాయకి ఊదా రంగు అంచు. ఇంకెవరింట్లోనూ లేదు. బూడిదలో కలిపిన గింజలు ముంతతో తెచ్చి పెట్టింది.

"సగం తీసుకోండి బాబూ. ఆషాఢంలో నాకూ కావాలి కదండి."

"మా జాబితాకి రెండొందల గింజలుండాలి మామ్మగారూ. మీకు కావలసినప్పుడు రండి, ఇస్తాను. మా దగ్గరుంటే మీ ఇంట్లో ఉన్నట్టే."

"ఆయ్, మీరంటే నమ్మకమేనండి" అని ముంత మొత్తం నా సంచిలో వంపేసింది.

నా మొహం మండ! బూడిద గింజలు ఫోటోలో బాగుండవని కుళాయి కింద శుభ్రంగా కడిగాను. నిగనిగలాడాయి. ఫోటో అందరూ మెచ్చుకున్నారు. సాయంత్రం బస్సు తొందరలో, తడి ఆరకుండానే ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీలు వేసేశాను. ఆషాఢంలో విప్పితే అంతా బూజు. తడిగుడ్డలో కట్టి చూశాను. ఒక్కటీ మొలవలేదు.

అన్న మాట ప్రకారం ఆవిడ వచ్చింది. నిజం చెప్పి కాళ్ళు పట్టుకోవాల్సింది. చెప్పలేదు. అప్పటికే కొట్లో అచ్చం అలాంటివే నల్లగింజ చిక్కుడు విత్తనాలు కొని, బూడిద పట్టించి, ఆవిడ నంబరు రాసిన పొట్లంలో పోసి ఉంచాను. గింజ చూసి ఏ చిక్కుడో బ్రహ్మ కూడా చెప్పలేడులే అని నా ధైర్యం. ఆవిడ పొట్లం కళ్ళకద్దుకుని కొంగున ముడేసుకుంది.

కార్తీకం వెళ్ళాక సంచితో మళ్ళీ వచ్చింది. బల్ల మీద కాయలు గుమ్మరించింది. అన్నీ ఉత్త ఆకుపచ్చవే. దొరికిపోయాననుకున్నాను. నిజం చెప్పాలంటే, పీడా పోయిందనీ అనుకున్నాను.

ఆవిడ మాత్రం తలెత్తలేదు.

"తిట్టకండి బాబూ. బంగారం లాంటి విత్తనం ఇచ్చారు మీరు. నేనే ఏదో తప్పు చేశానండి. ఎరువెక్కువైందో ఏంటో, అంచు రాలేదు. మా అత్తగారుంటే నా మొహం చూసేది కాదు." కొంగుతో కళ్ళొత్తుకుంది. "మీ దగ్గర ఇంకా ఉన్నాయి కదా అని నాకు మళ్ళీ ఇవ్వకండి. పాడుచేసేస్తాను. మీ దగ్గరే భద్రంగా ఉండనివ్వండి."

గదిలో ఇద్దరమే ఉన్నాం. చెప్పడానికి ఒక్క మాట చాలు. నోరు తెరిచాను కూడా.

"పర్లేదులెండి మామ్మగారూ" అన్నాను.

ఛీ, ఏం బతుకు నాది! చెయ్యని తప్పుకి ఆవిణ్ణి నేను క్షమించాను. ఆవిడ రెండు చేతులెత్తి నాకు దణ్ణం పెట్టి, బస్సుకి వెళ్ళిపోయింది.