ఐదింటి సమావేశం

ప్రతి శనివారం పొద్దున్నే దొనాత గేటు మీది ఎర్ర రేకు బోర్డు తుడుస్తుంది. గోరువెచ్చటి నీళ్ళలో కాస్త వెనిగర్ కలిపి, మొగుడి పాత బనీను ముక్క ముంచి, ట్రాక్టర్లు చిమ్మిన బురదంతా వదిలేదాకా రుద్దుతుంది. బోర్డు మీద తెల్లక్షరాలతో ఒకటే మాట ఉంటుంది: సోల్తిస్. పేరు ఉండదు. ఈ ఇంట్లో ఊరిపెద్ద ఉన్నాడు, పనుంటే బెల్లు కొట్టండి అని దానర్థం. బెల్లు కొడితే లేచి వచ్చేది మాత్రం పదిహేడేళ్ళుగా దొనాతే. ఊరి భారమంతా మోస్తున్న సోల్తిస్ గారి భుజాలు ఆ సమయానికి ఇంకా దుప్పటి కిందే ఉంటాయి.

ఓల్షీన్కి అరవై మూడిళ్ళ ఊరు. అలాంటి ఊళ్ళు పదహారు కలిస్తే ఒక గ్మినా, దానికో ఆఫీసు, ఆ ఆఫీసుకో పెద్ద. ఆఫీసు నుంచి భూమి పన్ను కాగితాలు కట్టగా వస్తాయి. వాటిని సైకిలు మీద ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించుకొచ్చేది ఎవరు? మంచు పడిన తెల్లవారుజామున, మంచు తీసే బండి ఇంకా రాలేదేమిటని జనం ఫోను చేస్తే ఎత్తేది ఎవరు? చెరువు దగ్గర వీధిదీపం ఆరిపోతే, ఎవరి కుక్కో మరెవరి కోడినో పట్టుకుపోతే, దారి మీద జింక చచ్చిపడి ఉంటే, అర్జీ రాసి, కింద మొగుడు రోముఆల్ద్ సంతకం పెట్టేది ఎవరు? ఆ సంతకం ఇప్పుడు ఆయనకంటే ఆమెకే బాగా వస్తుంది. మధ్యలో పన్నెండు ఆవులున్నాయి, వాటి పాలున్నాయి, ఎనభై నాలుగేళ్ళ అత్తగారు ఉంది. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు, ఊళ్ళో అందరూ టోపీ తీసి పలకరించేది రోముఆల్ద్‌ని. ఆమెను మాత్రం 'సోల్తిస్ గారి భార్య' అంటారు. దొనాత అనే పేరు బాప్తిస్మం రిజిస్టరులో పడి ఉంది.

మొదట్లో ఆమెకు కోపం వచ్చేది. మొగుడు చెంచా కింద పెట్టి ఇంకాస్త పులుసు అన్నప్పుడు గిన్నె కాస్త గట్టిగా పెట్టేది. అత్తగారు గెనొవెఫా అది గమనించి, "వాడు ఊరంతటినీ మోస్తున్నాడు, నువ్వు వాడి కంచం మోయలేవా?" అనేది. అప్పుడు దొనాతకు ఏడుపొచ్చేది. తర్వాత్తర్వాత ఏడుపూ పోయింది, కోపమూ పోయింది. కోపం రావాలన్నా ఎదుటివాడి మీద ఎంతో కొంత గౌరవం మిగిలుండాలి. ఇప్పుడామె బల్లకు అవతల కూర్చున్న మనిషిని చూస్తుంది. మీసానికి అంటిన మీగడ, నాలుగో ఎన్నిక నుంచీ పెరుగుతూ వస్తున్న పొట్ట, ఆఫీసు నుంచి ఫోనొస్తే కూర్చున్నవాడు కాస్తా లేచి నిలబడి 'అలాగేనండి, తప్పకుండానండి' అనే గొంతు. ఇంట్లో పులి, బయట పిల్లి. ఈ మనిషికా నేను ముప్పై ఏళ్ళు భయపడ్డాను అనుకుంటే ఆమెకు తన మీద తనకే నవ్వొస్తుంది.

పోయిన ఆగస్టులో పంట పండగ జరిగింది. ప్రతి ఊరూ ఒక ధాన్యపు కిరీటం అల్లి గ్మినా మైదానానికి తీసుకురావాలి. ఓల్షీన్కి కిరీటాన్ని దొనాత వాళ్ళ కొట్టంలో పద్నాలుగు మంది ఆడవాళ్ళు మూడు వారాలు అల్లారు. రై, గోధుమ, బార్లీ, ఓట్సు కంకులు ఒక్కొక్కటే ఏరి, సమంగా కోసి, దారంతో కట్టారు. బార్లీ ముళ్ళు గుచ్చుకుని అందరి వేళ్ళూ వాచిపోయాయి. రోముఆల్ద్ ఆ మూడు వారాల్లో కొట్టంలోకి ఒకే ఒక్కసారి వచ్చాడు. ట్రాక్టరు పెట్టుకోవడానికి చోటెప్పుడు ఖాళీ అవుతుందని అడిగిపోయాడు. వాళ్ళ కిరీటానికే మొదటి బహుమతి వచ్చింది. వేదిక మీదికి పిలిచింది సోల్తిస్‌ని. అతను మైకు పట్టుకుని, "వేళ్ళు నెత్తురోడేదాకా అల్లామండీ," అన్నాడు. గ్మినా పెద్ద చప్పట్లు కొట్టి, మన తల్లులందరూ కేకులు కూడా చాలా రుచిగా చేశారని మెచ్చుకున్నాడు. మెప్పు అందుకోవాల్సిన తల్లులు అప్పుడు డేరా వెనక చన్నీళ్ళలో ప్లేట్లు కడుగుతున్నారు.

చన్నీళ్ళ సంగతే అసలు సంగతి. ఊరి సమావేశాలు, పండగలు, చావు భోజనాలు అన్నీ ఫైరింజను షెడ్డు పక్కనున్న హాల్లోనే జరుగుతాయి. ఆ వంటగదిలో ఒక్క కుళాయే ఉంది, అందులో వేణ్ణీళ్ళు రావు. జనవరిలో చావు భోజనం పెడితే నూట ఇరవై ప్లేట్లు ఆ నీళ్ళలోనే కడగాలి. గెనొవెఫా వేళ్ళు వంకర తిరిగింది అక్కడే. ఊరికి ఏటా ఆఫీసు నుంచి వచ్చే డబ్బు వాటాతో ఏం చేసుకోవాలో ఊరే అడగొచ్చు. అందుకని సెప్టెంబరులో దొనాత అర్జీ రాసింది. వంటగదిలో నీళ్ళు కాచే బాయిలరు, రెండు తొట్ల సింకు కావాలని. ఆడవాళ్ళందరూ కింద సంతకాలు పెట్టారు. రోముఆల్ద్ దాన్ని ఆఫీసుకు తీసుకెళ్ళాడు. అక్టోబరులో లారీ వచ్చి చెరువు గట్టున దుంగలు దింపింది. బాయిలరు బదులు మగవాళ్ళు కూర్చుని బీరు తాగుతూ సాసేజీలు కాల్చుకోవడానికి ఒక పందిరి వెలిసింది.

ఇదేమిటని దొనాత అడిగింది. అతను బూట్లు విప్పుకుంటూ జవాబు చెప్పాడు.

"ఏడాదికి నాలుగుసార్లు కడిగేదానికి బాయిలరెందుకే? మీకు అలవాటేగా."

ఆ 'అలవాటేగా' చలికాలమంతా ఆమె వెంటే తిరిగింది. పాలు పితుకుతుంటే వినిపించేది, బంగాళాదుంపలు చెక్కుతుంటే వినిపించేది. నిజమే, అలవాటే. ఆయన చొక్కా ఇస్త్రీ చేయడం అలవాటు, ఆయన ఉపన్యాసం రాయడం అలవాటు, ఆయన అబద్ధం చెబుతుంటే పక్కన నిలబడి నవ్వడం అలవాటు. తన అలవాట్లు అయ్యాక ఆయనవి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఊరి మగవాళ్ళందరి అలవాట్లూ గుర్తు చేసుకుంది. వాటిలో ఒకదాని దగ్గర ఆగిపోయింది.

మార్చిలో సోల్తిస్ ఎన్నిక వచ్చింది. నోటీసు ఎప్పటిలాగే దొనాతే టైపు చేసింది. పదిహేడేళ్ళుగా ఆ వాక్యాలు మారలేదు: సమావేశం సాయంత్రం ఐదింటికి. ఓటు ఉన్నవాళ్ళలో పదోవంతు మంది రాకపోతే, అదే చోట ఐదున్నరకు రెండో సమావేశం, దానికి ఎంతమంది వస్తే అంతమందితోనే సరి. పదోవంతు అంటే ఓల్షీన్కిలో పదిహేడు మంది. ఐదింటికి పదిహేడు మంది ఎప్పుడూ రారు. మొదటి సమావేశం మాట వరసకేనని, అసలుది రెండోదని ఊళ్ళో పుట్టిన ప్రతి మగాడికీ తెలుసు. ఐదింటికి వచ్చినవాళ్ళు కూడా షెడ్డు ముందే నిలబడి, సిగరెట్లు కాలుస్తూ, అరగంట గడిపి లోపలికొస్తారు. ఆడవాళ్ళు ఆ అరగంటా వంటగదిలో కాఫీ కాస్తారు. ఐదున్నరకు ట్రేలు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటారు. అంతలోనే చేతులెత్తడాలు, ఓట్లు అన్నీ అయిపోతాయి.

నోటీసులు ఇంటింటికీ పంచేటప్పుడు దొనాత ఈసారి సైకిలు దిగి ప్రతి వంటింట్లోనూ కాసేపు కూర్చుంది. ఎక్కువేం చెప్పలేదు. నోటీసులో మొదటి వాక్యం మీద వేలు పెట్టి చూపించింది. మహిళా మండలి నడిపే జీత కళ్ళజోడు పెట్టుకుని చదివి, మళ్ళీ చదివి, వెనక్కి వాలి కుర్చీ కిర్రుమనేలా నవ్వింది. మగవాళ్ళకు ఎవరైనా చెప్పేస్తే అని అడిగింది.

"చెప్పనీ. నోటీసు బోర్డు మీద ఇంత లావు అక్షరాలతో అంటించాను. చదివితే వద్దన్నానా?" అంది దొనాత.

ఆ రోజు పొద్దున రోముఆల్ద్‌తో కూడా చెప్పింది, దాపరికం లేకుండా, చొక్కా అందిస్తూ. సమావేశం ఐదింటికి, ఆలస్యం చెయ్యకు అని. అతను అద్దంలో మీసం సర్దుకుంటూ, ఇన్నేళ్ళొచ్చినా నీకు మొదటిదేదో రెండోదేదో తెలియలేదని జాలిపడ్డాడు. తర్వాత ఉపన్యాసం కాగితం అడిగాడు. దొనాత రాసి ఉంచిందే ఇచ్చింది. 'నన్ను ఐదోసారి నమ్మిన మీకందరికీ' అని మొదలవుతుంది అది. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఐదుకు పది నిమిషాలుండగా ఆడవాళ్ళు వంటగది వైపు తలుపు గుండా ఒక్కొక్కరే లోపలికి వెళ్ళడం మొదలుపెట్టారు. షెడ్డు ముందు మగవాళ్ళు రోముఆల్ద్ చుట్టూ చేరి పందిరికి కరెంటు లాగే విషయం మాట్లాడుకుంటున్నారు. ఇంతమంది ఆడవాళ్ళు తమ ముందు నుంచే నడిచి వెళ్తుంటే వాళ్ళలో ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఆడది హాల్లోకి వెళ్ళిందంటే కాఫీ పెట్టడానికే వెళ్ళింది. గసగసాల కేకు ఉందా అని మాత్రం ఒకడు కేకేసి అడిగాడు. ఆఖర్న గెనొవెఫా కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. అత్తగారికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆమె ఒక్క అడుగు వెనక్కి వేసి కొడుకును కేకేస్తే చాలు, అంతా పోతుంది.

గ్మినా ఆఫీసు నుంచి వచ్చిన అధికారిణి మార్లెనా చిన్న వయసు పిల్ల. ఐదింటికి వాచీ చూసుకుని, అలవాటు ప్రకారం 'చాలినంతమంది లేరు' అని రాయబోయి తలెత్తింది. కుర్చీల నిండా మనుషులున్నారు. హాజరు పట్టీ మీద ముప్పై ఒక్క సంతకాలు పడ్డాయి. ఆ పిల్ల గొంతు సవరించుకుని, బయట ఉన్నవాళ్ళను పిలుద్దామా అని అడిగింది.

"నోటీసులో టైముందమ్మా. వాళ్ళూ బడికెళ్ళినవాళ్ళేగా," అంది జీత.

మార్లెనా పెదవి కొరుక్కుని కాగితం మీదికి వంగింది, నవ్వు దాచుకోవడానికి. సోల్తిస్ పదవికి ఎవరైనా పేరు చెప్పండి అంది. జీత దొనాత పేరు చెప్పింది. ఒప్పుకుంటున్నారా అని అడిగితే దొనాత లేచి నిలబడింది. పదిహేడేళ్ళుగా వేరేవాళ్ళ నోట్లోంచి రావడానికి ఉపన్యాసాలు రాసిన మనిషికి సొంత నోటి నుంచి ఒక్క మాట రావడానికి చాలాసేపు పట్టింది. ఒప్పుకుంటున్నాను అంది. సిగ్గూ కలగలేదు, భయమూ కలగలేదు, సంతోషం కలిగింది. అది ఆమెకే వింతగా ఉంది.

చీటీలు పంచారు, డబ్బాలో వేశారు. గెనొవెఫా చీటీని అందరికంటే ఎక్కువసేపు పట్టుకుని, వంకర వేళ్ళతో నెమ్మదిగా గీసి, నాలుగు మడతలు పెట్టి వేసింది. మార్లెనా చదవడం మొదలుపెట్టింది. దొనాత ఆ ఒక్క వ్యతిరేక ఓటు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. అది రాలేదు. ముప్పై ఒకటికి ముప్పై ఒకటీ ఆమెకే పడ్డాయి. దొనాత వెనక్కి తిరిగి అత్తగారి వైపు చూసింది.

"ఏంటలా చూస్తావు?" అంది గెనొవెఫా. "వాడు నా కడుపున పుట్టినోడు. వాడి సంగతి నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది?"

ఐదూ ముప్పై అయిదుకు మగవాళ్ళు సిగరెట్లు తొక్కి, కాళ్ళు దులుపుకుని లోపలికొచ్చారు. ముందు రోముఆల్ద్, చెయ్యి అప్పుడే జేబులో కాగితం మీద ఉంది. కుర్చీలన్నిట్లో ఆడవాళ్ళున్నారు. ఎవరూ లేవలేదు. కాఫీ వాసన రాలేదు. అతను చుట్టూ చూసి, రెండో సమావేశం మొదలుపెడదామా అని పెద్దమనిషి గొంతుతో అడిగాడు.

"రెండోది అక్కర్లేదండి, మొదటిదే జరిగిపోయింది. మీ భార్య సోల్తిస్‌గా ఎన్నికయ్యారు," అంది మార్లెనా.

మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇది అన్యాయమన్నాడు ఒకడు. ఎలా అన్యాయమో చెప్పమంటే, ఐదింటికి ఎవరొస్తారండీ అన్నాడు. హాలంతా నవ్వింది. ఇన్నేళ్ళలో ఆ హాల్లో ఆడవాళ్ళ నవ్వు వంటగది తలుపు దాటి వినిపించడం అదే మొదటిసారి. రోముఆల్ద్ జేబులోంచి చెయ్యి తీశాడు, కాగితం తీయలేదు. ఆఖరికి వెనక నుంచి గసగసాల కేకువాడు, మరి కాఫీ సంగతేమిటని అడిగాడు. వంటగదిలో నీళ్ళున్నాయి, కాచుకోండి అంది జీత.

ఇద్దరూ ఇంటికి నడిచారు. వెలుతురింకా ఉంది. రోముఆల్ద్ పందిరి పక్క నుంచి వెళుతున్నప్పుడు, ఊళ్ళో నా పరువేం కాను అన్నాడు. దొనాత తన పేరుతో మొదటి అర్జీ వాక్యాలు కూర్చుకుంటోంది. బాయిలరు, రెండు తొట్ల సింకు. కింద ఈసారి సొంత సంతకం పెట్టాలి, సోల్తిస్ అన్న మాట పక్కన అది ఎలా ఉంటుందో ఇంటికెళ్ళి ఒకసారి పెట్టి చూసుకోవాలి.

గేటు దగ్గర అతను ఆగిపోయాడు. ఎర్ర బోర్డు కేసి చాలాసేపు చూశాడు. ఆ మొహం చూస్తే ఒకప్పుడైతే ఆమెకు జాలేసేది.

"అయితే దీన్ని తీసెయ్యమంటావా?" అన్నాడు.

"ఎందుకు? దాని మీద ఎవరి పేరూ లేదుగా, ఉండనీ," అంది దొనాత గేటు తెరుస్తూ. "శనివారం శనివారం తుడవడం మాత్రం మర్చిపోకు. వెనిగర్ సింకు కింద ఉంది."