రేకుల హాలుకి రాని రీలు

అరవై రెండేళ్లు వచ్చినా ఆవిడని ఇంట్లోవాళ్లు పిచ్చుక అనే పిలుస్తారు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేదట. మాటలు వచ్చాక నోరు ఊరుకునేది కాదట. రెండు విధాలా ఆ పేరు అతికినట్టు సరిపోయింది. తర్వాత ఒళ్లు చేసి గుప్పెడు కాస్తా గంపెడయినా పేరు మాత్రం మారలేదు. బజారులో మాత్రం ఆవిడ కళ్లజోళ్లావిడ. ముప్పై ఎనిమిదేళ్లుగా ఒకే దుకాణం, ఒకే గోడకి ఒకే అక్షరాల బోర్డు.

ఒకరోజు పొద్దున్నే ఎనభై ఏళ్ల పెద్దాయన ఒకరు దుకాణం మెట్లెక్కాడు. కంట్లో శుక్లాలు తీయించుకుని, డాక్టరు రాసిన చీటీ పట్టుకుని వచ్చాడు. పిచ్చుక ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, బరువైన పరీక్ష ఫ్రేము ముక్కు మీద పెట్టి, అద్దాలు ఒక్కొక్కటీ మారుస్తూ అక్షరాలు చదవమంది. ఆయన చక్కగానే చదువుతున్నాడు. కానీ ప్రతి వరుసకీ ఒకసారి ఆయన చూపు బోర్డు కుడివైపు పై మూలకి వెళ్లి వస్తోంది.

"ఆ మూల ఏం లేదండీ. చదవాల్సింది మధ్యలోనే ఉంది," అంది పిచ్చుక.

"తెలుసమ్మా. పాత అలవాటు, పోదు. నలభై ఏళ్లు సినిమా ఆపరేటరుగా చేశాను. రీలు అయిపోయే ముందు తెర మీద ఆ మూల చిన్న చుక్క పడుతుంది. అది చూసి రెండో మెషీను వెయ్యాలి. చూడకపోతే తెర తెల్లబోతుంది, జనం ఈలలు వేస్తారు. ఇప్పుడు మా మనవరాలి ఫోటో చూసినా ముందు ఆ మూలకే పోతాయి కళ్లు."

పిచ్చుక చేతిలో అద్దం చేతిలోనే ఉండిపోయింది. "ఏ హాల్లో చేశారండీ?"

"రేకుల హాలు. నీకు తెలిసి ఉండదులే. పడగొట్టి చాలా కాలమైంది."

తెలిసి ఉండదా? ఆ ఊళ్లో సినిమా హాళ్ల గురించి ఎవరైనా కదిపితే పిచ్చుకకి తిండీ నిద్రా అక్కర్లేదు. స్టేషను దగ్గర పెద్ద హాలు, కూరగాయల మార్కెట్టు వెనక స్తంభాల హాలు, వాగు పక్కన రేకుల హాలు. మూడింటిలోనూ రేకుల హాలంటేనే ఆవిడకి ప్రాణం. వాన పడితే రేకుల చప్పుడుకి ఒక్క మాటా వినపడేది కాదు. అప్పుడు సినిమా ముందే చూసినవాళ్లు కొత్తవాళ్లకి ఆ మాటలన్నీ అరిచి చెప్పేవారు. విలనుకి ఒకావిడ, హీరోకి ఇంకొకావిడ గొంతు అరువిచ్చిన రోజులు కూడా ఉన్నాయి.

"రేకుల హాల్లో దీపస్తంభం బొమ్మ వేశారు, గుర్తుందా?" అని అడిగింది. ఆ సినిమాకి అసలు పేరు వేరే ఏదో ఉండేది. సముద్రం ఒడ్డున దీపస్తంభం చూసుకునే ముసలాయన, ఆయన కూతురు, ఓడ కెప్టెను, ఇదీ కథ. అందుకని పిల్లలందరికీ అది దీపస్తంభం బొమ్మే.

"గుర్తు లేకపోవడమేమిటి? ఆ బొమ్మతోనే కదా నాకు తిట్లు పడ్డాయి," అని పెద్దాయన నవ్వాడు. "ఒకటే ప్రింటు, రెండు హాళ్లు. పెద్ద హాల్లో ఒక రీలు అయిపోగానే సైకిలు మీద మా దగ్గరికి తెచ్చేవారు. ఆ రోజు మ్యాట్నీకి ఆఖరి రీలు బయల్దేరిందో లేదో వంతెన మీదకి వాగు నీళ్లొచ్చాయి. సైకిలాయన అవతలే ఆగిపోయాడు. ఇక్కడ జనం కుర్చీలు విరిచేస్తామన్నారు. ఓనరు స్టూలెక్కి దండం పెట్టి, ఇంకో సినిమాకి పాసులిస్తామని ఇంటికి పంపేశాడు. ఒకే ఒక్క రోజు కోసం వచ్చిన బొమ్మ అది, సాయంత్రం ఆటలు కూడా పడలేదు, మర్నాడు వెళ్లిపోయింది. ఆ ముగింపు మా హాల్లో ఎవరూ చూడలేదు."

"అదేంటి? మా అక్క చూసిందే," అంది పిచ్చుక. "ఆ రోజే. మ్యాట్నీయే. వాన కూడా పడింది."

"అయితే మీ అక్క వాగు ఈదుకుంటూ వెళ్లి పెద్ద హాల్లో చూసి ఉండాలమ్మా," అన్నాడాయన.

పెద్దాయన కొలతలు రాసుకుని ఆయన్ని పంపించాక పిచ్చుకకి పని మీద మనసు నిలవలేదు. ఆ సినిమాని ఆవిడ కళ్లతో ఎప్పుడూ చూడలేదు. ఎనిమిదేళ్లప్పుడు, ఇద్దరినీ తీసుకెళ్తానని నాన్న మాటిచ్చిన వారమే గవదబిళ్లలు వచ్చాయి. మొహం గుమ్మడికాయంతయింది. గడ్డం కింద నుంచి నెత్తి మీదకి గుడ్డ కట్టి అమ్మ మంచం మీద పడుకోబెట్టింది. పన్నెండేళ్ల అక్క ఒక్కతే పిన్నితో వెళ్లింది. అంటుకుంటుందని అక్కని గదిలోకి రానివ్వలేదు. అందుకని తడిసి వచ్చిన అక్క వరండాలో బల్ల వేసుకుని, కిటికీ ఊచలు పట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా కథంతా చెప్పింది. కెప్టెను నడిచినట్టు నడిచింది, ముసలాయన దగ్గినట్టు దగ్గింది. నవ్వొస్తే దవడ నొప్పి, నవ్వకుండా ఉండలేదు. పిచ్చుక రెండు చేతులతో చెంపలు పట్టుకుని కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వింది. తర్వాత చూసిన వందల సినిమాలు ఒక ఎత్తు, కిటికీలోంచి చూసిన ఆ సినిమా ఒక ఎత్తు.

మధ్యాహ్నం కాకుండానే దుకాణం మూసి అక్క ఇంటికి బయల్దేరింది. పెద్ద హాలు ఉన్న చోట ఇప్పుడు నాలుగంతస్తుల కార్ల పార్కింగు. బాల్కనీ మెట్లు ఎక్కడుండేవో అక్కడ టోకెన్లిచ్చే మిషను పెట్టారు. స్తంభాల హాలు పరుపుల దుకాణమైంది. స్తంభాలు మాత్రం అలాగే ఉన్నాయి, ఇదివరకు తెర కనిపించనివ్వనివి ఇప్పుడు పరుపులు కనిపించనివ్వడం లేదు. అక్కడ స్తంభం వెనక కూర్చుంటే హీరోయిన్ ఒక్కతే కనిపించేది, పాట సగం పాడాక హీరో కనిపించేవాడు. చిన్నప్పుడు హీరోలంటే ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే మనుషులనుకునేది పిచ్చుక. రేకుల హాలు ఉన్న స్థలం దగ్గర ఆగింది. అక్కడ అపార్టుమెంటు లేచింది. మూడో అంతస్తు బాల్కనీలో ఎవరో బట్టలు ఆరేస్తున్నారు. సరిగ్గా తెర ఉండే ఎత్తులోనే తెల్ల దుప్పటి ఒకటి గాలికి ఊగుతోంది.

అక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. ఊరి గుట్టంతా కడుపులో పెట్టుకుని ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసింది. ఆవిడ దగ్గర మాట రాబట్టాలంటే బావిలోంచి నీళ్లు తోడినట్టే. కుట్టుమిషను ముందు కూర్చుని దిండు గలేబులు కుడుతోంది.

"ఏమే పిచ్చుకా, ఈ వేళప్పుడు వచ్చావు? దుకాణం?"

"మూశాను. దీపస్తంభం బొమ్మ ఆఖర్న ఏమైంది?"

అక్క మిషను ఆపలేదు. "ఇప్పుడు దాని గొడవెందుకు? ఎన్నిసార్లు చెప్పాను? కెప్టెను ఓడ తీసుకొచ్చి తనతో రమ్మంటాడు. ఆ అమ్మాయి 'నేనొస్తే దీపం ఎవరు చూస్తారు? నువ్వు వెళ్లిరా, నేనిక్కడే ఉంటాను' అంటుంది. ఓడ వెళ్లిపోతుంది. ఆమె మెట్లెక్కి వెళ్లి దీపం వెలిగిస్తుంది. అయిపోయింది."

"ఆఖరి రీలు రాలేదటగా. వంతెన మీదకి నీళ్లొచ్చాయటగా."

మిషను ఆగింది. అక్క కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"ఎవరు చెప్పారు?"

"రేకుల హాలు ఆపరేటరు గారే చెప్పారు. యాభై నాలుగేళ్లు నన్ను నమ్మించావే అక్కా."

"నమ్మించక ఏం చెయ్యను?" అంది అక్క. "చెప్పులు కూడా విప్పలేదు, కిటికీలోంచి నీ మొహం కనిపించింది. ఆ గుడ్డ కట్టుకుని, చెంపలు ఉబ్బి, 'ఆఖర్న ఏమైంది' అని సైగ చేస్తున్నావు. తెలీదని ఎలా చెప్పను? అడుగుతావని తెలిసే దారంతా వానలో నడుస్తూ అల్లుకుంటూ వచ్చాను. ముందు పెళ్లి చేసేద్దామనే అనుకున్నాను. మన వీధి మలుపు దాకా వాళ్లిద్దరికీ పెళ్లయిపోయినట్టే. అక్కడికొచ్చాక అనిపించింది, ఈ పిల్ల ఓడెక్కి పోతే ఆ ముసలాయన అన్ని మెట్లు ఎలా ఎక్కుతాడని. అందుకని ఉంచేశాను."

పిచ్చుక బల్ల మీద కూలబడింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు వచ్చిన సంబంధం గుర్తుందా? బ్యాంకు అబ్బాయి?"

"నీకు నచ్చలేదన్నావు కదా."

"నచ్చాడు. బాగానే నచ్చాడు. కానీ పెళ్లయ్యాక అద్దాల పని మానేసి తన ఊరు వచ్చెయ్యాలన్నాడు. అప్పటికి నాకు పని పూర్తిగా చేతికొచ్చింది. పని నేర్పిన గురువు గారికి కళ్లు కనిపించడం తగ్గింది, దుకాణం నన్ను చూసుకోమన్నారు. రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజు ఆ అబ్బాయితో నువ్వు చెప్పిన మాటే చెప్పాను. 'నేనొస్తే దుకాణం ఎవరు చూస్తారు' అన్నాను. సినిమాలో అంత గొప్ప హీరోయినే చెప్పగా లేనిది నేను చెప్తే తప్పేమిటనుకున్నాను."

అక్క మొహం పాలిపోయింది. "అయ్యో పిచ్చుకా. పన్నెండేళ్ల పిల్ల నోటికొచ్చింది చెప్తే దాన్ని పట్టుకుని సంబంధం వదులుకున్నావా?"

"వదులుకోబట్టే కదా మీ మరిది దొరికాడు," అంది పిచ్చుక. "ఫ్రేములమ్మడానికి దుకాణానికి వచ్చి ఇల్లరికం వచ్చినట్టు ఉండిపోయాడు. ఇప్పుడు ఇంట్లో వంట ఆయనదే. నాకు కోపం దానికి కాదు. ఆ మాట నీదని తెలిస్తే అప్పుడే నీకు చెప్పేదాన్నిగా. ఇన్నాళ్లూ ఎవరో రచయితకి దండం పెట్టుకుంటూ వచ్చాను."

అక్క కుడుతున్న గలేబు మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది. కాసేపటికి, "అయితే నిజం సినిమాలో ఏమై ఉంటుందంటావు?" అని అడిగింది. అక్క కూడా ఇన్నేళ్లూ అది తెలియకుండానే ఉందని పిచ్చుకకి అప్పుడు తట్టింది.

వారం తర్వాత కొత్త కళ్లజోడు కోసం వచ్చిన ఆపరేటరు గారికి ఇదంతా చెప్పింది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "నేను నయమా ఏం? ఆఖరి రీలు తిరుగుతున్నప్పుడు ముందు రీలు వెనక్కి చుట్టుకుంటూ కూర్చునేవాణ్ణి. నలభై ఏళ్లలో ఒక్క సినిమా ముగింపూ తిన్నగా చూసిన పాపాన పోలేదు," అన్నాడు. లైబ్రరీలో ఆదివారం మధ్యాహ్నాలు పాత సినిమాలు వేస్తారని, తను వెళ్లి మెషీను సంగతి చూస్తుంటానని, ఆ బొమ్మ ఎక్కడైనా దొరుకుతుందేమో అడుగుతానని చెప్పాడు.

రెండు నెలలకి ఫోను చేశాడు. దొరికింది. గీతలు పడ్డ కాపీయే గాని అన్ని రీళ్లూ ఉన్నాయి.

ఆదివారం మూడు గంటలకి లైబ్రరీ హాల్లో మడత కుర్చీల్లో నలభై మంది దాకా కూర్చున్నారు. అక్క మంచి చీర కట్టుకుని వచ్చింది. ఆపరేటరు గారు మెషీను కుర్రకారుకి అప్పగించేసి, జీవితంలో మొదటిసారి అక్కాచెల్లెళ్ల పక్కన ప్రేక్షకుడిలా కూర్చున్నాడు. సినిమా నడుస్తుంటే పిచ్చుకకి ఆశ్చర్యమేసింది. కెప్టెను నడక అక్క నడిచినట్టే ఉంది, ముసలాయన దగ్గు అక్క దగ్గినట్టే ఉంది. అంతవరకూ అక్క ఒక్క పిసరు కూడా కల్పించలేదు.

ఆఖరి రీలు మొదలైంది.

తెర మీద ఎక్కణ్ణుంచో హీరోయిన్ మేనమామ ఊడిపడ్డాడు. కెప్టెను చెవి వెనక పుట్టుమచ్చ చూసి చిన్నప్పుడు తప్పిపోయిన కొడుకని కౌగిలించుకున్నాడు. ముసలాయన మూర్ఛపోయాడు, లేచాడు. అందరూ పెద్ద బంగళాలో వరసగా నిలబడి నవ్వారు. హీరోయిన్ పళ్లెంలో మంచినీళ్ల గ్లాసులు పట్టుకుని అటూ ఇటూ తిరిగింది. రీలంతటిలో ఆమెకి ఒక్క మాట లేదు. దీపం ఏమైందో ఎవరూ అడగలేదు. శుభం పడింది.

దీపాలు వేశారు.

"దీనికోసమా ఆ రోజు నన్నన్ని తిట్లు తిట్టారు?" అన్నాడు ఆపరేటరు గారు మెల్లగా.

ముందు అక్కకి నవ్వొచ్చింది. చీర చెంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. అది చూసి పిచ్చుక, ఆమెని చూసి ఆపరేటరు గారు, కుర్చీలు కిర్రుమనేలా నవ్వారు. లైబ్రేరియను దగ్గరికి వచ్చి, సినిమా గురించి ఏమైనా చెప్తారా అని మర్యాదగా అడిగింది. పిచ్చుక లేచి నిలబడింది.

"ఈ ముగింపు తప్పండీ. అసలుది మా అక్క దగ్గరుంది," అంది.

అక్క కొంగు పట్టుకు లాగింది. "కూర్చోవే, పరువు తీస్తావు."

కూర్చోలేదు. వాగు, వంతెన, గవదబిళ్లలు, కిటికీ, అన్నీ చెప్పేసింది. ఇక తప్పక అక్క లేచింది. మొదట గబగబా అప్పజెప్పింది. కెప్టెను దగ్గరికి వచ్చేసరికి చేతులు వాటంతటవే లేచాయి. 'నేనొస్తే దీపం ఎవరు చూస్తారు?' అని, మెట్లెక్కి దీపం వెలిగించేదాకా ఆగలేదు. తర్వాత కొట్టిన చప్పట్లకి అక్క ఎటు చూడాలో తెలియక తన చేతుల వంక చూసుకుంది. పిచ్చుక మాత్రం హాలంతా కలయజూసింది, అక్కని ఎవరెవరు చూస్తున్నారో చూద్దామని.

ముందు వరసలో కూర్చున్న కాలేజీ అమ్మాయి చెయ్యెత్తింది. "మరి కెప్టెను తిరిగొచ్చాడా అండీ?"

అక్క తడబడింది. అంత దూరం ఎప్పుడూ ఆలోచించలేదు. పిచ్చుక వైపు చూసింది.

"వచ్చాడమ్మా," అంది పిచ్చుక. "ఉద్యోగం మానేసి వచ్చి, దీపంలో నూనె పోస్తున్నాడు."

బయటికి వచ్చేసరికి ఎండ ఇంకా ఉంది. బస్టాపులో ముగ్గురూ నిలబడ్డారు. ఆపరేటరు గారు రేకుల హాల్లో నేల క్లాసు గుమ్మం ఎడమవైపు ఉండేదన్నాడు. అక్క కుడివైపన్నది. మధ్యలో రేకులు మోసే గుంజ ఉండేది కదా, మీకెవరికీ గుర్తులేదా అని పిచ్చుక అడ్డం వచ్చింది. వాళ్లు వాదించుకుంటూ ఉండగానే బస్సు వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది.

"అది మనదేనా?" అంది అక్క.

"మనదే," అన్నాడు ఆపరేటరు గారు. "పోనీలే అమ్మా, నడుద్దాం. ఆ గుంజ సంగతి తేలాలి."