డిక్కీ ఇస్తారి నవ్వు

గౌడవెల్లిలో ఇస్తారి ఇల్లెక్కడంటే ఎవరూ చెప్పలేరు. డిక్కీ ఇస్తారి అంటే చంటిపిల్లలు కూడా వేలు చూపిస్తారు. వయసులో ఉండగా వేసిన ఒకే ఒక్క సినిమా వేషం చేసిన నిర్వాకం అది. దాదాను పోలీసులకు పట్టించే ద్రోహి వేషం. దాదా అతన్ని కారు డిక్కీలో కుక్కి మూత వేస్తాడు, అందులోనే ప్రాణం పోతుంది. చావు వేషం వేసినవాడు వెంటనే కెమెరాకేసి నవ్వకపోతే కీడని సినిమావాళ్ల పట్టింపు. ఇస్తారినీ నవ్వించారు. ఆ నవ్వు తెరమీద పడలేదు, చావే పడింది.

సినిమా ఏళ్ల తరబడి ఆడింది. ఆనాటినుంచీ కల్లు కంపౌండులో అతను కూర్చుంటే చాలు, "మెల్లగ మాట్లాడుర్రి, పోలీసోళ్లకు చెప్తడు" అని ఎవడో అంటాడు, మిగతావాళ్లు పగలబడి నవ్వుతారు. మేస్త్రీగా ఊళ్లో సగం ఇళ్లు కట్టిన మనిషి. ఆ ముచ్చట ఎవడెత్తుతాడు!

ఇప్పుడు అదే సినిమాను మళ్లీ తీస్తున్నారు. డైరెక్టరు రఘునందన్ కొంపల్లి నుంచి ఇంటికే వచ్చాడు. పాత వేషం పాత మనిషే వేయాలట.

"సచ్చుడైతే నేను రాను సారూ. గీసారి నన్ను బయటికి తియ్యాలె."

"అలాగేనండీ. ఈసారి మీరే డిక్కీ తెరుచుకుని నడిచొస్తారు."

ఇస్తారి ఆగలేదు. కంపౌండుకు పోయి అందరికీ చెప్పాడు. "సూడుర్రి, గీసారి బయటికొస్త!"

షామీర్‌పేట దగ్గర ఓ ఖాళీ గోదాములో షూటింగు. ఊరంతా వచ్చి అడ్డంగా కట్టిన తాడు అవతల నిలబడింది, ముందు వరసలో అతని భార్య తారాబాయి. ఇస్తారి కారు డిక్కీలో ముడుచుకుని పడుకున్నాడు. మూత పడింది. చీకటి, పెట్రోలు వాసన, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. గుద్దాడు, అరిచాడు. సగం నటనే, సగం నిజంగానే భయం. తర్వాత డైరెక్టరు చెప్పినట్టే స్పృహ తప్పినవాడిలా కదలకుండా పడి ఉన్నాడు. మూత లేచింది. కెమెరా ముఖం దగ్గరికి వచ్చింది. "కట్!"

బయటికొచ్చే షాటు ఎప్పుడని అడగబోయాడు. అంతలో కెమెరా అసిస్టెంటు వంగి అన్నాడు. "పెద్దాయనా, ఒక్కసారి ఇటు చూసి నవ్వండి."

ఇస్తారికి అర్థమైపోయింది. బతికినవాణ్ని ఎవరూ నవ్వమనరు. డైరెక్టరు వైపు చూశాడు.

"ప్రొడ్యూసరు ఒప్పుకోలేదండీ," అన్నాడు రఘునందన్ తల దించుకుని. "ఆ చావు చూడ్డానికే జనం వస్తారన్నాడు."

"నేను నవ్వ. నేను సావలే."

డిక్కీలోనే కూర్చుండిపోయాడు. సినిమావాళ్లు బతిమాలారు, కసిరారు. దిగలేదు, నవ్వలేదు. చివరికి తారాబాయి తాడు కిందనుంచి దూరి పరుగున వచ్చింది.

"జర నవ్వయ్యా. నీకేమన్నయితే నేనేం గావాలె? నీ కాళ్లు మొక్కుత."

వాళ్లను కాదనగలడు, ఆమెను ఎలా కాదంటాడు? ఆమె ముఖం చూస్తూ ఇస్తారి నవ్వాడు.

తాడు అవతలి నుంచి ఈలలు మోగాయి.

"మల్ల సచ్చినవా, డిక్కీ ఇస్తారీ!"