దత్తు చుట్టిన మోటారు

దత్తాత్రి పోయాక అతని విమానాన్ని దూలం మీదనుంచి దించడానికి ఆ ఇంట్లో ఎవరికీ చేతులు రాలేదు.

భవాని పేట్‌లో వాళ్లది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో తల్లి యల్లమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. వెనక గదిలో కూతురు చంద్రభాగ కుట్టుమిషను మీద తువ్వాళ్ల అంచులు కుట్టేది. పెళ్లయిన ఏడాదికే మొగుడితో పడక పుట్టింటికి వచ్చేసిన మనిషి ఆమె. తండ్రి పోయి చాలా కాలమైంది. దత్తాత్రి ఆమెకు తమ్ముడు. సాంచాలు అనే కరెంటు మగ్గాలను నడిపే మోటార్లు కాలిపోతే, లోపలి రాగి తీగ తీసేసి కొత్తది చుట్టే పని చేసేవాడు. కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు పుణె క్యాంపులో చిన్న విమానాలు ఎగరేయడం చూసి వచ్చాడు. ఆ పిచ్చి వదల్లేదు.

రెక్కలు చాపిన గద్దంత ఉండేది ఆ విమానం. తండ్రి మగ్గంలో మిగిలిన వెదురును సన్నగా చీల్చి రెక్కల ఎముకలు చేశాడు. వాటి మీద టిష్యూ కాగితం అతికించి, తల్లితో పలుచటి గంజి కాయించి పూస్తే, ఎండకి తబలా తోలులా బిగుసుకుంది. ముక్కు దగ్గర బొమ్మకారులోంచి తీసిన మోటారు. కడుపులో బ్యాటరీలు, రేడియో రిసీవరు, అగ్గిపెట్టెంత యంత్రాలు రెండు. చేతిలోని రిమోటు మీద పుల్ల అటూ ఇటూ తోస్తే ఆ యంత్రాల్లో ఒకటి సైకిలు చక్రపు పుల్లను లాగి తోక మీది చుక్కానిని తిప్పేది, రెండోది ముక్కును పైకీ కిందికీ ఆడించేది. ఆ రేడియో సెట్టు బొంబాయిలో ఎవరో వాడి వదిలేసినది. దత్తాత్రి, అతని దోస్తు రామన్న కలిసి తెచ్చుకున్నారు. రామన్నకు టేప్‌రికార్డర్లు బాగుచేసే దుకాణముంది.

మొదటిసారి నీలం నగర్ దాటాక ఉన్న మైదానంలో ఎగరేయబోయారు. విమానం నేల మీద ఉరికింది, ముక్కు ఎత్తింది, మళ్లీ కూలబడింది. దత్తాత్రి దాన్ని చంకలో పెట్టుకుని ఇంటికొచ్చి, అన్నం కూడా తినకుండా మోటారు విప్పాడు.

"దీంట్ల దమ్ము లేదక్కా. సన్న తీగ. నేను లావు తీగ చుడ్త, చుట్లు తక్కువేస్త. అప్పుడు బఘ్, సూడు ఎట్ల లేస్తదో."

చుట్టాడు. బిగించాడు. ఒక్కసారి తిప్పి చూశాడు. గదిలో గాలి లేచి యల్లమ్మ చాటలోని తంబాకు చెదిరిపోతే ఆమె తిట్టింది, అతను నవ్వాడు. దాన్ని ఎగరేసే రోజు రాలేదు. ఆ వారంలోనే, వాన వెలిసిన సాయంత్రం, ఒక కార్ఖానాలో తడిసిన నేల మీద నిలబడి మోటారు చూస్తుండగా కరెంటు అతన్ని పట్టుకుంది.

"ఏం తెల్వకుంటనే పోయిండమ్మా, ఒక్క ఝట్కా, గంతే," అన్నారు తీసుకొచ్చినవాళ్లు. ఊరంతా అదే మాట అన్నది. చంద్రభాగ కూడా తల్లితో అదే అన్నది.

చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం రామన్న వచ్చాడు. "అక్కా, విమానంల సెల్లులు ఛార్జు చేయకుంట పడేస్తే ఖరాబైతయి. దత్తు ఎంత కష్టపడి తెచ్చిండు," అన్నాడు. గోడ కరెంటు పేరెత్తగానే యల్లమ్మ లేచి స్విచ్చికి అడ్డంగా నిలబడింది. సరేనని అతను స్కూటరు బ్యాటరీ మోసుకొచ్చి, మధ్యలో ఒక బల్బు పెట్టి, దానిమీద ఛార్జు చేశాడు. విమానాన్ని దించి పీట మీద పెట్టి రిసీవరు స్విచ్చి వేశాడు.

చుక్కాని టకటకా కొట్టుకుంది.

రిమోటు ఇంకా సంచిలోనే ఉంది. దాని మీద ఎవరి చెయ్యీ లేదు. యల్లమ్మ ఒళ్లోంచి చాట జారి కిందపడింది.

"వాడే," అంది.

"కాదవ్వా. రిమోటు బందున్నప్పుడు ఇది చెవులు తెరుచుకొని ఉంటది. గల్లీల సాంచాలు నడుస్తున్నయి కదా, ఆ మోటార్ల మెరుపులు దీనికి చప్పుడు లెక్క ఇనిపిస్తయి. అందుకే కొట్టుకుంటది."

యల్లమ్మ ఆ మాట చెవిన వేసుకోలేదు. వంగి, తోక దగ్గర మొహం పెట్టి, "దత్తూ, నువ్వేనా బిడ్డా? అయితే కుడిదిక్కు తిప్పు," అంది. చుక్కాని రెండు దిక్కులకూ కొట్టుకుని కుడివైపు ఆగింది. అంతే, ఆమెకు అది చాలు.

ఆ రోజు మొదలు విమానం పీట మీదనే ఉండిపోయింది. రామన్న అప్పుడప్పుడూ వచ్చి సెల్లులు ఛార్జు చేసి పోయేవాడు. యల్లమ్మ బీడీలు చుడుతూ దానితో మాట్లాడేది. కుడి వైపు తిరిగితే అవును, ఎడమ వైపు తిరిగితే కాదు. కొడుకు పోయిన నాటినుంచి నోట్లో ముద్ద సరిగ్గా పెట్టని మనిషి రెండు పూటలా తినడం మొదలుపెట్టింది. చంద్రభాగ చూసీ చూడనట్టు మిషను తొక్కుకునేది.

ఒకరోజు పక్క కార్ఖానాలో పని ఆగింది. చుక్కాని కదల్లేదు. యల్లమ్మ అడిగింది, బతిమాలింది, చివరికి గోడవైపు తిరిగి పడుకుంది. మరునాడు కూడా లేవలేదు. మంచినీళ్లు ఇస్తే మూతి పక్కకు తిప్పుకుంది.

అప్పుడు చంద్రభాగ వెనక గదిలోకి పోయి, ట్రంకు పెట్టె పక్కనున్న సంచిలోంచి రిమోటు తీసింది. రెండు గదుల మధ్య పాత చద్దరు పరదాగా వేలాడుతుండేది. పరదా వెనక మిషను ముందు కూర్చుని, రిమోటు ఒళ్లో పెట్టుకుని, స్విచ్చి వేసి, తల్లికి వినబడేలా అంది:

"ఒక్కపారి అడుగవ్వా మళ్ల."

"దత్తూ... నామీద అలిగినవా?"

చంద్రభాగ బొటనవేలు ఎడమకు కదిలింది. ముందు గదిలో చుక్కాని ఎడమకు తిరిగింది. తల్లి గొంతులోంచి వచ్చిన చప్పుడు ఏడుపో నవ్వో ఆమెకు తెలియలేదు. కాసేపటికి పొయ్యి మీద గిన్నె పెట్టిన శబ్దం వినబడింది.

ఆ తరువాత ఆమెకు అది రోజువారీ పనైంది. తల్లి అడిగేవి చిన్న ప్రశ్నలే. నాయిన కలిసిండా? అక్కడ చలి ఉన్నదా? ఇయ్యాల జొన్నరొట్టె చేస్తే నీ పేరు మీద కాకికి పెట్టాల్నా? తమ్ముడైతే ఏమంటాడో తలుచుకుని చంద్రభాగ జవాబు ఇచ్చేది. కొన్నాళ్లకు తలుచుకునే అవసరమే లేకపోయింది. వేలు దానంతట అదే పోయేది. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

విషయం గల్లీ దాటింది. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌నుంచి గంగుబాయి అనే ముసలామె వచ్చి, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, పోయిన మొగుడిని అడగమంది. పరదా వెనక చంద్రభాగ వేలు పుల్ల మీదనుంచి తీసేసింది. రిమోటు కింద పెట్టేసింది. చుక్కాని కదల్లేదు. "మావోడు నాతోని బతికున్నప్పుడే మాట్లాడకపోయేటోడు," అని గంగుబాయి లేచిపోయింది. ఆమె వెళ్లాక చంద్రభాగకు చాలాసేపు సూదిలో దారం ఎక్కలేదు.

వారానికి ఒక రోజు పేటలో కరెంటు ఉండేది కాదు. సాంచాలన్నీ ఆగిపోయి, మిగతా రోజుల్లో వినబడని చప్పుళ్లు ఆ రోజు వినబడేవి. ఎక్కడో పసిపిల్ల దగ్గు, మూడిళ్ల అవతల గిన్నె పడ్డ శబ్దం. అలాంటి ఒక సుట్టీ రోజు మధ్యాహ్నం చంద్రభాగ తువ్వాళ్లు మడతపెడుతుంటే ముందు గదిలో తల్లి గొంతు వినబడింది. ఎప్పటిలా ముద్దుగా లేదు. మెల్లగా, ఒక్కో మాటా ఏరి పెట్టినట్టు ఉంది.

"బిడ్డా, నిజం చెప్పు. నీకు నొప్పి అయిందా?"

చంద్రభాగ మడతలు వదిలేసి రిమోటు కోసం చెయ్యి చాపింది. కాదని చెప్పాలి. ఎడమకు. సంచి మూతి విప్పుతూ పరదా సందులోంచి చూసింది.

చుక్కాని కుడికి తిరిగి ఉంది.

కొట్టుకోవడం లేదు, వణకడం లేదు. ఎవరో వేలితో పట్టి ఉంచినట్టు చివరిదాకా తిరిగి అలాగే నిలబడి ఉంది. రిమోటు ఇంకా సంచిలోనే ఉంది, స్విచ్చి వేయనే లేదు. చంద్రభాగ దాన్ని లాగి, స్విచ్చి వేసి, పుల్లను ఎడమకు తోసింది. అప్పుడు చుక్కాని మెల్లగా ఎడమకు వచ్చింది. అప్పటికే యల్లమ్మ నేల మీద కూలబడి, రెండు చేతులతో గుండెలు బాదుకుంటూ ఏడుస్తోంది. కొడుకు శవం ముందు కూడా అంత ఏడవలేదు ఆమె.

సాయంత్రం చంద్రభాగ రామన్న దుకాణానికి పోయి, తను చేసినదంతా చెప్పింది, జరిగినదీ చెప్పింది. అతను చేతిలోని సాల్డరింగు కడ్డీ పక్కన పెట్టి విన్నాడు.

"ఇంటర్‌ఫియరెన్స్ అయి ఉంటదక్కా. సాంచాల మెరుపు."

"ఇయ్యాల సుట్టీ గదా రామన్నా. పేటల ఒక్క మోటారు తిరగలే."

"మరి పోలీసుల వైర్‌లెస్సో, ఏదో..." అతను కడ్డీ చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాడు. "వణికిందా, ఆగి ఉండెనా?"

"ఆగి ఉండె."

రామన్న దుకాణం షట్టరు సగం దించాడు. ఆమెను గల్లీ మలుపుదాకా సాగనంపాడు. ఎప్పుడూ అలా వచ్చేవాడు కాదు.

ఆ రోజుతో యల్లమ్మ ప్రశ్నలు ఆగిపోయాయి. విమానం వైపు చూస్తూ కూర్చునేది, మాట్లాడేది కాదు. చంద్రభాగ మాత్రం ఆ ముందు గదిలో ఒక్కతే ఉండలేకపోయేది. నీళ్లకు పోతూ గోడవైపు జరిగి నడిచేది. జొన్న కోతలు అయ్యాక ఒక ఉదయం తల్లే అంది:

"రామన్నను పిలువు. దాన్ని ఎగరేయుండ్రి."

"విరుగుతదేమో అవ్వా."

"విరగనీ. చుట్టి పెట్టిండు, ఎగరేయకుంటనే పోయిండు. ఎంత కాలమని పీట మీద కూసుండవెడ్తం?"

అక్కల్‌కోట్ రోడ్డు పక్కన కోసేసిన జొన్న చేను. పొద్దుటి ఎండ ఇంకా మెత్తగా ఉంది, గాలి లేదు. రామన్న ముందు రాత్రే మోటారు సెల్లులు నిండుగా ఛార్జు చేసి తెచ్చాడు. చుక్కానిని అటూ ఇటూ ఆడించి చూసి, రిమోటు ఏరియలు పొడుగ్గా లాగాడు. యల్లమ్మ గట్టు మీద కూర్చుంది, చెప్పులు పక్కన విడిచి, గుడిలో కూర్చున్నట్టు.

"అక్కా, నువ్వు ఇసురు. జోరుగ కాదు. సీదా. చేతులకెల్లి వదిలినట్టు."

చంద్రభాగ విమానాన్ని తల మీదికి ఎత్తింది. రామన్న మోటారు స్విచ్చి వేయగానే దాని ఒళ్లంతా జలదరించింది. తమ్ముడు చుట్టిన తీగలోంచి వచ్చిన బలం ఆమె మణికట్టును ముందుకు లాగింది. చెయ్యి పట్టుకుని పోదాం పద అని తొందరపెట్టే పిల్లవాడి లాగుడు అది. రెండడుగులు ఉరికి వదిలేసింది.

విమానం కొంచెం దిగి, జొన్న మోళ్లను తాకినంత పని చేసి, లేచింది. లేస్తూనే ఉంది. కాగితం రెక్కల్లోంచి ఎండ కనబడి వెదురు ఎముకలు ఒక్కొక్కటే లెక్కకు వచ్చాయి. "అరే, అరే," అంటున్నాడు రామన్న. అతని కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. "చెప్పిన మాట ఇంటున్నదక్కా. సాఫ్‌గ ఇంటున్నది."

చేను చుట్టూ తిరిగింది. గట్టు మీదుగా పోయినప్పుడు యల్లమ్మ తల ఎత్తి, అది దాటేవరకూ తలతో పాటు తిరిగింది. తరువాత మోటారు చప్పుడు సన్నబడింది, సెల్లులు అయిపోవచ్చాయి. ముక్కు మీది పంఖా ఆగింది. చప్పుడు లేకుండా జారుతూ వచ్చి మోళ్లలో దిగింది. ఎడమ రెక్క పటుక్కున విరిగింది.

అందరికంటే ముందు యల్లమ్మ చేరుకుంది. దాన్ని ఎత్తి ఒళ్లో పెట్టుకుని, ముక్కు దగ్గర మోటారు మీద అరచెయ్యి వేసింది. చురుక్కుమన్నా తియ్యలేదు.

"ఎచ్చగున్నది," అంది. "ఆ దినం దవాఖానల వాని చెయ్యి ముట్టనియ్యలే నన్ను. కాళ్లు ముడితే సల్లగుండె."

రామన్న రిమోటు ఏరియలు మూస్తూ దూరంగా ఆగిపోయాడు. చంద్రభాగ తల్లి పక్కన గొంతుక్కూర్చుంది. ఇప్పుడు చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేననిపించింది.

"అవ్వా, చుక్కాని తిప్పింది..."

"నువ్వే. నాకెర్కనే." యల్లమ్మ ఆమెవైపు చూడలేదు. "పరదా ఎన్క టిక్కుమని స్విచ్చి చప్పుడైతుండె గద బిడ్డా. నువ్వు నాకోసమని చేస్తున్నవ్, నీ కోసమని నేను అడుగుతున్న. నువ్వు కూడ వాని తీర్గ జవాబిచ్చుకుంట జర నవ్వుతుంటివి."

చంద్రభాగ మోళ్లలో పడ్డ రెక్క ముక్కను ఏరుకుంది.

"ఆ సుట్టీ దినం మాత్రం నువ్వు కాదు. చప్పుడు కాలే. అయినా నువ్వైతే కాదనేదానివి. లోకమంత గదే అన్నది, ఏం తెల్వకుంట పోయిండని. నేను కన్నదాన్ని, నాకు తెల్వదా? నిజం ఒక్కలన్న చెప్పాల్నని ఉండె. చెప్పిండు."

ఆమె బ్యాటరీ తీగను మెల్లగా ఊడదీసి రామన్నకు ఇచ్చేసింది. రిమోటు కూడా తీసుకుపొమ్మంది. విరిగిన రెక్కను కొంగులో మూటకట్టుకుని ముందు నడిచింది.

తరువాత యల్లమ్మ అందరిలాగే బతికింది. నొప్పి పడ్డ కొడుకని చెప్పుకుని ఏడ్చేది, ఏడ్చి లేచి పనిచేసుకునేది. ఎవరైనా వచ్చి అడిగితే, "వాడు లేడమ్మా, పోయిండు," అనేది. విమానం అటక మీదికి చేరింది.

దయ్యాలనీ భూతాలనీ ఎప్పుడూ నమ్మని మనిషి చంద్రభాగ. తల్లి కుదుటపడింది కానీ ఆమె పడలేదు. రామన్న ఇప్పటికీ వైర్‌లెస్సే అంటాడు, ఆమె కాదనదు. కాని మిషను తొక్కుతూ తొక్కుతూ ఉన్నట్టుండి కాళ్లు ఆపేస్తుంది. తమ్ముడిని ఆమె అడగాలనుకున్నది ఒకటుంది: పరదా వెనక నా వేలిని కదిపింది కూడా నువ్వేనా అని. నోటిదాకా వస్తుంది. అవునంటే ఏం చేయాలో తెలియక, మళ్లీ చక్రం మీద చెయ్యి వేసి తిప్పుతుంది.