సిమేలా శాపం

సూది ఆకు ఈనెలో దిగగానే సిమేలా ఆయాసంతో ఆగింది. ఊపిరి కూడదీసుకుని మళ్లీ గుచ్చింది. నల్ల సముద్రం మీది తేమగాలికి షెడ్డంతా పొగాకు ఘాటు నిండింది. జిగురు పట్టి నల్లబడ్డ ఆమె వేళ్లు ఎంత తోమినా తెల్లబడటం ఎప్పుడో మానేశాయి. గుండె అరిగిపోయింది, మంచం దిగొద్దు అన్నాడు సుఖుమి పట్నం డాక్టరు. మంచాన పడి ఉంటే కిటికీలోంచి ఎదురింటి ఖార్లంపీకి కనిపిస్తుంది. అందుకని పనికే వచ్చింది.

వాళ్ల తాతలు టర్కీలోని ట్రాబ్జోన్ నుంచి పడవల్లో ఈ ఒడ్డుకు చేరినవాళ్లు. ఊరంతా గ్రీకులే, ఊరంతా పొగాకే. సిమేలా భర్త యోర్దానీ పిల్లలకు గ్రీకు అక్షరాలు నేర్పేవాడు. సర్కారు గ్రీకు బడిని మూయించాక ఇంట్లోనే నేర్పాడు. ఆ సంగతి అధికారుల చెవిన వేసింది ఖార్లంపీ. పెళ్లిలో వాళ్లిద్దరి తలల మీద కిరీటాలు మార్చిన తోడుపెళ్లికొడుకు వాడే. యోర్దానీని పట్టుకుపోయారు. మనిషీ రాలేదు, శవమూ రాలేదు.

ఆ మర్నాడు సిమేలా నడివీధిలో నిలబడి, చచ్చాక మట్టి కూడా ఖార్లంపీని ముట్టకూడదని శపించింది. అలాంటి శాపం తగిలినవాడి శవం కుళ్లదనీ, భూమి వాణ్ణి ఒల్లదనీ ఆ ఊరి నమ్మకం. యుద్ధం అయ్యాక సర్కారు ఊరు ఊరంతటినీ రైలెక్కించి కజక్ బయళ్లలో పారేసినప్పుడు సిమేలా, ఖార్లంపీ ఒకే పెట్టెలో వెళ్లారు. తిరిగొచ్చాక ఎదురెదురు ఇళ్లే దక్కాయి. వాడి భయాన్ని కళ్లారా చూడటానికే తాను బతికున్నానని సిమేలాకు తెలుసు. అందుకు ఏనాడూ సిగ్గుపడలేదు.

పక్కన ఆకు గుచ్చుతున్న కిరియాకీ నవ్వింది.

"నీ ఆరోగ్యం కోసం ఖార్లంపీ గుళ్లో ఇంత లావు కొవ్వొత్తి వెలిగించాడంట. కట్టుకున్న పెళ్లానికైనా వెలిగించి ఎరగడు."

"వెలిగించనీవే. నేను పోతే వాడికి దిక్కెవరు?"

ఆ మాటకు చుట్టుపక్కల ఆడవాళ్లంతా నవ్వారు. చావబోయేవాళ్లు గిన్నెడు నీళ్లలో ఉప్పు కరిగించి, ఈ ఉప్పులాగే నా శాపాలన్నీ కరిగిపోవాలి అనుకుంటూ చల్లడం వాళ్ల ఆచారం. శపించిన మనిషే తన చేత్తో కరిగించాలి. ఇంకొకరు కరిగిస్తే చెల్లదు.

పొద్దు వాలుతుంటే సిమేలా ఇల్లు చేరి అరుగు మీద కూలబడింది. బూట్లు విప్పుకునే ఓపిక కూడా లేదు. అంతలో ఖార్లంపీ వీధి దాటి వచ్చాడు. ఇన్నేళ్లలో ఆ గడప దగ్గరికి రావడం అదే మొదలు. నడుము వంగిపోయింది, నోట్లో పళ్లు లేవు. ఒక చేతిలో పళ్లెంలో ఉప్పు, ఇంకో చేతిలో నీళ్ల గిన్నె. రెండూ అరుగు మీద పెట్టాడు.

"వదినా, ఆ రోజు నేను చెప్పకపోతే నన్నే పట్టుకుపోయేవాళ్లు. ఇంట్లో చిన్నపిల్లలు."

"ఆ పిల్లలకి అక్షరాలు దిద్దించింది ఆయనే కదా."

ముసలాడు తల దించుకున్నాడు. ఉప్పు పళ్లెం ఆమె దగ్గరికి జరిపాడు.

"నన్ను మట్టిలో కలవనీ వదినా. అంతకంటే ఏమీ అడగను."

సిమేలా రెండు చేతులతో గిన్నె ఎత్తింది. వాడి మొహంలోకి ఆశ వచ్చింది. అది పూర్తిగా విచ్చుకునేదాకా ఆమె చూస్తూ కూర్చుంది. తర్వాత గిన్నె నోటికెత్తి అడుగుదాకా తాగేసి, మూతి తుడుచుకుంది.

"చల్లగా ఉన్నాయి" అంది.

ఇంకో గిన్నెడు తెస్తానంటూ ఖార్లంపీ వెనక్కి పరిగెత్తాడు. ఆ పరుగు చూస్తుంటే ఆమెకు కడుపు నిండినట్టయింది. తల గోడకు ఆనించి కళ్లు మూసుకుంది.

అతను నీళ్లు ఒలకబోసుకుంటూ తిరిగొచ్చేసరికి ఆమెలో ఊపిరి లేదు. వదినా, వదినా అని రెండుసార్లు పిలిచి, ఉప్పు మీద ఆ నీళ్లు తానే పోయబోయి ఆగిపోయాడు.

పళ్లెంలో ఉప్పు పొడిపొడిగా, పోసింది పోసినట్టే ఉంది.