దాన్సి వేసిన ముడి

అయాబా పుట్టింటికి వచ్చింది మేనకోడల్ని అడగడానికి. సరస్సు మీద గుంజలు పాతి ఇళ్ళు కట్టుకున్న ఆ నీటి ఊళ్ళో, అడిగితే లేదనే ఆచారం లేదు. పిల్లలు లేని ఆడపడుచు వచ్చి కూర్చుంటే, తమ్ముడు తన పిల్లల్లో ఒకరిని పెంపకానికి ఇవ్వాల్సిందే. కానీ ఇచ్చేది తమ్ముడైనా కన్నది మరదలు. ఆ మరదలు సిక, వదిన పడవ దిగిన దగ్గర్నుంచీ చేపల మాటలూ వంట మాటలూ మాట్లాడుతోందే తప్ప, అసలు మాటని గుమ్మం ఎక్కనివ్వడం లేదు.

అయాబాకి ఆగే తీరిక లేదు. గట్టు మీద, కలవీ అనే పట్నంలో, అత్తగారు అయాబా మొగుడికి రెండో పెళ్ళాం కోసం సంబంధాలు చూస్తోంది. నీళ్ళలో పుట్టినదాని కడుపులో నీళ్ళే ఉంటాయని నలుగురిలో అనేసింది కూడా. చంకన పిల్లతో తిరిగి వెళ్తే ఆ నోరు మూతపడుతుంది. ఉత్త చేతులతో వెళ్తే అయాబా చాప వంటింటి మూలకి మారుతుంది.

ఆ పూట సిక పడవేసుకుని నీటి సంతకి పోయింది. తమ్ముడు కోసీ సరస్సు మధ్య చేపల దడుల దగ్గర ఉన్నాడు. ఇంట్లో మిగిలింది అయాబా, తల్లి దాన్సి, కొత్తగా నడక వచ్చిన మహుసీ. మహుసీ నడుముకి తాడు, తాడు రెండో కొస నడిమి గుంజకి. ఈత వచ్చేదాకా ఆ ఊళ్ళో పిల్లలందరికీ అంతే. అయాబా కూడా ఆ గుంజ చుట్టూ తిరిగి పెరిగిందే.

ముడి వేసేది దాన్సి. చూపు మసకబారాక ఆవిడ వల అల్లడం మానేసింది, చేపలు పొగబెట్టడం మానేసింది, ముడి మాత్రం ఎవరికీ వదల్లేదు. ఇరుగుపొరుగు కోడళ్ళు కూడా సంతకి పోతూ పిల్లల్ని తెచ్చి ఆవిడ చేతే కట్టించుకునేవాళ్ళు. తాడైనా కుళ్ళాలిగానీ దాన్సి ముడి జారదని ఊళ్ళో పేరు.

"అమ్మా, దీని నడుం చూడు, కందిపోయింది. కాసేపు విప్పనా?" అంది అయాబా.

"ముట్టుకోకు. నీకూ కందేది. చచ్చావా?"

"మా వీధిలో మేకల్ని కడతారే ఇట్టా."

"మీ వీధిలో మేక జారితే గడ్డిలో పడుద్ది. ఊరుకుని దానికి సంకటి పెట్టు."

దాన్సి గోడకి చేరగిలబడి కునికింది. పిల్ల తాడు పట్టుకుని గుంజుకుంటూ ఏడుస్తూనే ఉంది. అయాబా తల్లి వైపు ఒకసారి చూసి, వేళ్ళతో కాక పళ్ళతో ముడి లాగింది. అది అంత తేలిగ్గా లొంగలేదు. విప్పాక పిల్ల ఆమె ఒళ్ళోకి ఎక్కి, రెండు ముద్దలు తిని, అక్కడే నిద్రపోయింది. ఆ బరువుకి అయాబాకి ఏడుపొచ్చింది. ఒళ్ళో ఒకరు నిద్రపోతే ఎలా ఉంటుందో ఆమెకి అంతవరకూ తెలీదు.

పిల్లని చాప మీద పడుకోబెట్టిందో లేదో బయట గారెల పడవ కేక వినిపించింది. లేచాక తింటుందని అయాబా అరుగు మీదికి వెళ్ళింది.

"ఏం గట్టు దొరసానీ, మా అలసంద గారెలు నీకు అరుగుతాయా?" అంది పడవలో మనిషి. చిన్నప్పటి నేస్తం. నాలుగు మాటలు, రెండు నవ్వులు, ఆకులో ఆరు గారెలు. అంతే సేపు.

తిరిగి వచ్చేసరికి చాప ఖాళీ.

మొదట మూలలు చూసింది. తర్వాత వెదురు నేల సందుల్లోంచి కింద కదులుతున్న నల్లటి నీళ్ళు చూసింది. ఆమె అరిచిన అరుపు నాలుగిళ్ళ అవతలికి వినపడింది. పడవలు తోసుకుంటూ ఆడవాళ్ళు వచ్చారు, కట్టుకున్న గుడ్డలతోనే దూకారు. గుర్రపుడెక్క తోసి, కింద చేతులు పెట్టి తడిమారు. సంత నుంచి వస్తున్న సిక దూరంనుంచే సంగతి గ్రహించింది. చేపల గంప పడవలోనే ఒలికిపోయింది. మునిగింది, లేచింది, మళ్ళీ మునిగింది. పైకి వచ్చినప్పుడల్లా బిడ్డ పేరు పిలవడానికి కూడా ఊపిరి మిగల్లేదు.

అయాబా అరుగు మీద నిలబడిపోయింది. గట్టు మీద ఇన్నేళ్ళుండి మునగడం మరిచిపోయింది. చేతిలో గారెల ఆకు ఇంకా అలాగే ఉంది.

"నోళ్ళు ముయ్యండి," అంది దాన్సి.

అందరూ ఆగారు. ముసలిది నేల మీద బోర్లా పడుకుని వెదురుకి చెవి ఆనించింది. కొంచెం పాకి, మళ్ళీ ఆనించింది. నీళ్ళు గుంజలకి తగులుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్ళీ పాకింది.

"పెరటి నిచ్చెన కింద," అంది. "తుమ్మింది."

వెతికినవాళ్ళంతా నీళ్ళలోనే వెతికారు. నిచ్చెన కింద, ఎండకి చెక్క పగలకుండా కోసీ నీడన కట్టిన పాత పడవ ఉంది. నిచ్చెన మీంచి అందులోని చిరిగిన వలల కుప్ప మీదికి జారిన మహుసీ అక్కడే కూర్చుని, వల తాడు నోట్లో పెట్టుకుని నములుతోంది.

సిక పిల్లని పైకి తెచ్చి, ఒళ్ళంతా తడిమి, ముఖంలో ముఖం పెట్టి చాలాసేపు ఏడ్చింది. ఏడుపు ఆగాక గుంజ వైపు చూసింది.

"తాడెట్టా ఊడింది?"

అయాబా నోరు తెరిచేలోగా దాన్సి అందుకుంది. "నా చేతులే. వేళ్ళు మొద్దుబారాయి. ముడి సరిగ్గా పడలేదు."

పక్కింటి కోడలు, వస్తూ తెచ్చి అరుగు మీద దింపిన తన పిల్లాణ్ణి ఎత్తుకుంది. "రేపట్నుంచి వీణ్ణి మా అక్క దగ్గర వదుల్తాలే పెద్దమ్మా. నీకెందుకు శ్రమ," అంది, మర్యాదగానే.

సిక అత్తగారి వైపు చూడలేక వదిన వైపు తిరిగింది. "నువ్వడగడానికే వచ్చావని నాకు తెలుసు వదినా. ఇయ్యకూడదనే అనుకున్నా. ఇంక ఎవరిని నమ్మి సంతకి పోను? తీసుకుపో. గట్టు మీదైనా బతికుంటది."

పిల్లని తెచ్చి చేతుల్లో పెట్టింది. మహుసీ అయాబా మెడ చుట్టూ చేతులు వేసింది.

అయాబా తల్లిని చూసింది. దాన్సి నీళ్ళ వైపు ముఖం పెట్టుకుని, దవడ బిగించి కూర్చుంది. తన ముడి సంగతి తనకి తెలియని మనిషి కాదు. ఎవరు విప్పారో తెలుసు, ఎందుకు అబద్ధమాడిందో కూడా కూతురికి అర్థమైంది. ఇక అయాబా చెయ్యాల్సిందల్లా నోరు మూసుకోవడమే. లోకంలో అంతకంటే తేలిక పని లేదు, పైగా పిల్ల మెడ పట్టుకుని ఉంది. కానీ పక్కింటి కోడలు అప్పటికే పడవ ఎక్కుతోంది, ఇంకో రెండు నిమిషాలకి దాన్సి ముడి జారిందన్న మాట ఊరంతా తిరుగుతుంది.

"ముడి ఊడలేదు," అంది అయాబా, పడవలవాళ్ళకి కూడా వినపడేలా. "నేనే విప్పాను. అమ్మ వద్దంది. అయినా విప్పాను. పళ్ళతో విప్పాను."

సిక తిట్టలేదు. తిడితే బాగుండునని అయాబాకి అనిపించింది. మరదలు వచ్చి, మెడ చుట్టూ ఉన్న చిన్న వేళ్ళని ఒక్కొక్కటే విడదీసి, పిల్లని తీసుకెళ్ళి అత్తగారి ఒళ్ళో కూర్చోబెట్టింది. తాడు కొస చేతికిచ్చింది.

"కట్టు అత్తా," అంది. ఒలికిన చేపలు ఏరుకోవడానికి పడవలోకి దిగిపోయింది. పక్కింటి కోడలు కూడా పిల్లాణ్ణి మళ్ళీ అరుగు మీద దింపింది.

దాన్సి వేళ్ళు తాడు మీద చకచకా కదిలాయి. అయాబా దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"అమ్మా."

"ఈ వయసులో ముడి జారదన్న పేరు నాకెందుకే. అది పోయినా పిల్లని నీకిద్దామనుకున్నా," అంది దాన్సి, తలెత్తకుండా. "పుచ్చుకోవడం కూడా చేతకాలేదు నీకు."